మూడో మామిడిపిందె కింద

"జరగాలండి, ముందుకి జరగాలి! లోపల బంతాట ఆడుకునేంత ఖాళీ ఉంది!" అని కండక్టరు కేకేశాడు.

నిజానికి ఆ బస్సులో రెండో కాలు పెట్టడానికి కూడా చోటు లేదు. మాణిక్యం ఒక చేత్తో సీటు కమ్మీ పట్టుకుంది. రెండో చేత్తో గుడ్డసంచిని గుండెకి హత్తుకుంది. ఎవరి మోచెయ్యో తలకి తగులుతుంటే ఎలాగో లోపలికి దూరింది.

కొత్తపల్లిలో ఆమెతో పాటు వాళ్ళ మామ్మ వీరమ్మ కూడా ఎక్కింది. ముందు వరసలో ఎవరో జరిగి మామ్మకి చోటిచ్చారు. మామ్మ కూర్చోగానే వెనక్కి తిరిగింది.

"ఒసే మాణిక్యం! సంచి భద్రమే!"

"భద్రంగానే ఉంది మామ్మా!"

"ఉంది ఉంది అంటే కాదు, గట్టిగా పట్టుకో!"

"పట్టుకునే ఉన్నాను మామ్మా!"

బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాణిక్యానికి సిగ్గేసింది. అయినా సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆ సంచిలో ఉన్నది నాగరత్నం టీచర్ చీర. వంగపండు రంగు ఉప్పాడ చీర. ఒంటినిండా తెల్లటి మామిడిపిందెలు. మొన్న స్కూల్ వార్షికోత్సవంలో మాణిక్యం రాణి వేషం వేసింది. అందుకోసం టీచర్ తన పెట్టెలోంచి ఆ చీర తీసి ఇచ్చారు. నాటకం అయ్యాక మాణిక్యం వాళ్ళమ్మ దాన్ని ఉతికి, ఆరేసి, మడతలు పెట్టేసరికి టీచర్ సెలవు పెట్టి పిఠాపురం వెళ్ళిపోయారు. రేపు ఆదివారం అన్నవరం కొండ మీద వాళ్ళ తమ్ముడి పెళ్ళి. ఆ పెళ్ళికి కట్టుకోవాల్సింది ఈ చీరే.

"శనివారం ఒంటిపూట బడి కదండీ. నేనే తెచ్చి ఇస్తానండి టీచర్" అని టీచర్ ఊరెళ్ళే ముందు రోజే మాణిక్యం క్లాసులో అందరి ముందూ లేచి చెప్పింది.

"నువ్వా? ఈ నెలలో రెండు పెన్నులు పారేసుకున్నావు కదే" అని టీచర్ నవ్వారు.

"చీర పారేసుకోనండి!"

క్లాసంతా గొల్లున నవ్వింది. టీచర్ మాత్రం తల ఊపారు. "సరే, నీదే పూచీ" అన్నారు. ఆ మాట మాణిక్యానికి రాణి కిరీటం కన్నా బాగుంది.

అందుకే ఆ చీరని వార్తాపత్రిక కాగితంలో చుట్టి, ఉతికిన సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

"ఇలా ఇవ్వమ్మాయ్. ఒళ్ళో పెట్టుకుంటాను."

ఎవరో అన్నారు. మాణిక్యం తల వంచి చూసింది.

పక్క సీట్లో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. బస్సులో రద్దీగా ఉంటే నిలబడ్డవాళ్ళ సంచులు కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవడం ఆ దారిలో అందరికీ అలవాటే. అప్పటికే ఆ బస్సులో ఒకరి కూరల సంచి ఇంకొకరి ఒళ్ళో, ఒకరి చంటిపిల్ల మరొకరి ఒళ్ళో ఉన్నాయి.

కానీ మాణిక్యం ఆ ముసలాయన చేతులు చూసింది. వేళ్ళన్నీ నల్లగా, నీలంగా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో కూడా నలుపే. చొక్కా దగ్గర్నుంచి పులిసిన గంజి వాసన వస్తోంది.

'ఈ చేతులతో టీచర్ చీర పట్టుకుంటే ఇంకేమైనా ఉందా!' అనుకుంది.

"వద్దండి. నేనే పట్టుకుంటాను" అంది.

"బరువని కాదమ్మాయ్. నిలబడలేకపోతున్నావని..."

"వద్దన్నాను కదండీ."

అతను చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. మాణిక్యం కాస్త పక్కకి జరుగుదామని చూసింది. పక్కన ఒక తెల్లచొక్కా ఆయన ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. చేతికి మెరిసే వాచీ ఉంది. ఆయన పక్కన నిలబడితే భయం లేదనిపించింది.

బస్సు చేల మధ్య నుంచి పోతోంది. మాణిక్యం మధ్యమధ్యలో ఆ ముసలాయన్ని ఓరగా చూస్తూనే ఉంది. అతని చూపు ఒక చోట నిలవడం లేదు. ఎదుటి సీటు మీద వేలాడుతున్న పైటకొంగు అంచు చూస్తాడు. తర్వాత కిటికీ దగ్గరాయన తువ్వాలు అంచు. తర్వాత మాణిక్యం సంచి. మళ్ళీ మాణిక్యం సంచే.

'ఎందుకలా చూస్తున్నాడు?' అనుకుంది మాణిక్యం. 'దొంగలు ఇలాగే చూస్తారేమో!'

సంచిని చంకలోకి నొక్కిపెట్టింది. లోపల కాగితం చిరిగిన చప్పుడైంది. సంచి మూతిలోంచి వంగపండు రంగు మడత ఒకటి బయటికొచ్చింది. మాణిక్యం అది చూసుకోలేదు. ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి.

బస్సు మలుపు తిరిగింది. జనమంతా ఒక పక్కకి ఒరిగారు. ఉన్నట్టుండి అతని నల్లటి చెయ్యి సంచి మీదకి వచ్చింది.

"అమ్మాయ్, చీర..."

మాణిక్యం ఒక్కసారిగా సంచిని వెనక్కి లాగింది.

సర్ర్‌మని చిన్న చప్పుడైంది.

"దొంగ! నా చీర లాగేస్తున్నాడు!" అని మాణిక్యం అరిచింది.

అంతే, బస్సు గగ్గోలెత్తిపోయింది.

"ఎవడే? ఎవడే వాడు?" ముందు నుంచి మామ్మ గొంతు.

"ఇదిగో, ఈ ముసలాడు! చూడండి, ఇంకా చీర వదల్లేదు!" అన్నాడు తెల్లచొక్కా ఆయన. "ఎక్కినప్పట్నుంచీ చూస్తున్నాను, అందరి బట్టలూ తినేసేలా చూస్తున్నాడు. కండక్టరు గారూ, వీణ్ణి దించెయ్యండి!"

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏంటయ్యా ఇది? ఇంత వయసొచ్చి చిన్నపిల్ల దగ్గరా? లే! లేచి దిగు!"

ముసలాయన లేవలేదు. చీర మడతని పట్టుకున్న చెయ్యి కూడా తియ్యలేదు. తల మాత్రం ఎత్తి మాణిక్యాన్ని చూశాడు.

"తల్లీ, ఇంక లాగకు. లాగితే ఇంకా చిరుగుతుంది. తర్వాత నన్ను తిడుదువుగాని" అన్నాడు మెల్లగా.

మాణిక్యం అప్పుడు కిందికి చూసింది.

సీటు పక్కన రేకు ఒకటి కొద్దిగా లేచి ఉంది. చీర మడత ఆ రేకు అంచుకి చిక్కుకుంది. రేకుకీ చీరకీ మధ్యలో అతని చూపుడు వేలు ఉంది. చీర ఇంకా చిరక్కుండా వేలు అడ్డం పెట్టాడు. ఆ నల్లటి వేలి మీద ఎర్రగా సన్నటి గీత. రేకు గీసుకుంది.

అతను లాగలేదు. విడిపించబోయాడు. లాగింది తనే.

"ఏం చూస్తున్నావయ్యా, దిగు!" కండక్టరు అతని భుజం పట్టుకున్నాడు.

ఒక్క క్షణం మాణిక్యానికి ఊరుకుందామనిపించింది. ఊరుకుంటే తప్పు తనదని టీచర్‌కి చెప్పక్కర్లేదు. బస్సంతా చూస్తోంది. మామ్మ కూడా చూస్తోంది.

"ఆయన లాగలేదండి" అంది. ఎవరికీ వినపడలేదు. ఈసారి గట్టిగా అంది. "ఆయన లాగలేదండి! నేనే లాగాను. రేకుకి పట్టుకుంటే ఆయన తీస్తున్నారు. ఆయన వేలు చూడండి!"

కండక్టరు భుజం మీంచి చెయ్యి తీశాడు. వంగి రేకుని చూశాడు. తెల్లచొక్కా ఆయన వాచీ చూసుకున్నాడు.

ముసలాయన రేకుని ఒక చేత్తో వంచి, రెండో చేత్తో చీరని మెల్లగా విడిపించాడు. పాలబుగ్గల మీద ఈగని తోలినంత మెల్లగా.

సరిగ్గా అప్పుడే బస్సు ఆగింది. పిఠాపురం రైలు గేటు పడింది.

"మెయిలు పోవాలి. దాని వెనకాల గూడ్సు కూడా ఉందంట. టీ తాగేవాళ్ళు తాగి రండి!" అని డ్రైవరు ఇంజను ఆపేశాడు. జనం గొణుక్కుంటూ దిగారు. బస్సులో కాస్త గాలి ఆడింది.

మామ్మ వచ్చి చీర మడత విప్పి చూసింది. ఒక మామిడిపిందె కింద వేలిగోరంత చిరుగు.

"హయ్యో! రేపే పెళ్ళి కదే! ఆ టీచర్ గారికి ఏం చెప్పాలే?" మామ్మ తలమీద చెయ్యి పెట్టుకుంది. "పూచీ నాదే అని ఊరంతా చాటావు కదే!"

మాణిక్యం కళ్ళల్లోంచి నీళ్ళు జలజల రాలాయి. అవి చీర మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

"అమ్మగారూ, మీకు అభ్యంతరం లేకపోతే నేనోసారి చూస్తానండి" అన్నాడు ముసలాయన.

మామ్మ ఆయన చేతుల వంక చూసింది. మాణిక్యం కూడా చూసింది.

"అంటుకోదండి. ఇది మురికి కాదు, అద్దకం రంగు. నలభై ఏళ్ళ నుంచీ నూలుకి రంగు వేస్తున్నాను. చర్మంలోకి దిగిపోయింది, ఎంత తోమినా రాదు. నేను ఉప్పాడలో మగ్గం నేస్తానండి. నా పేరు చిట్టియ్య."

మామ్మ చీర ఆయనకి ఇచ్చింది.

చిట్టియ్య చీరని ఒళ్ళో పరుచుకున్నాడు. ఒకసారి తిరగేశాడు, ఒకసారి బోర్లేశాడు. రెండు వైపులా పిందెలు ఒకేలా ఉన్నాయి. అంచుని బొటనవేలితో తడిమాడు. ఆయన మొహంలో చిన్న నవ్వు వచ్చింది.

"ఇది బుల్లియ్య నేత" అన్నాడు.

"మీకెలా తెలుసండి?" మాణిక్యం ఏడుపు మధ్యలోనే అడిగింది.

"మీ టీచర్ గారు నీ పుస్తకం మీద పేరు చూడకుండానే రాత చూసి నీదని చెప్పరూ? అలాగే. బుల్లియ్యది బరువు చెయ్యి. పోగు పోగుకీ గట్టిగా దరువేస్తాడు. అందుకే అంచు ఇంత బిగువుగా ఉంది. ఇదిగో, ఈ పిందె తోక చూశావా? అందరూ కుడివైపు తిప్పుతారు. ఆయన ఎడమకి తిప్పుతాడు. ఎడమచేతి వాటం."

మాణిక్యం చూసింది. నాటకంలో గంటసేపు ఆ చీర కట్టుకుంది. పిందెలకి తోకలున్న సంగతే చూడలేదు.

"బస్సెక్కితే నాకు ఇదే పని. ఎవరి బట్ట చూసినా ఇది ఎవరు నేశారా అని కళ్ళు అటే పోతాయి. మా ఇంటావిడ తిడుతుంది, ఏదో ఒకరోజు తన్నులు తింటావని. ఇవాళ కొద్దిలో తప్పింది" అని చిట్టియ్య నవ్వాడు.

మామ్మకి కూడా నవ్వొచ్చింది. మాణిక్యానికి మాత్రం తల ఎత్తాలనిపించలేదు.

"ఆ బుల్లియ్య గారు ఇంకా నేస్తున్నారాండీ?" మామ్మ అడిగింది.

"లేదండి. తీరం కోతకి ఆయన ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటతో సహా. కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ గుంటలో కూర్చుని నేసిన చీరే ఇది." చిట్టియ్య చీరని ఒకసారి అరచేత్తో నిమిరాడు. "ఇది పాడవకూడదు."

చొక్కా కాలరు మడతలోంచి ఒక సన్నటి సూది తీశాడు. చీర లోపలి చెంగు వెతికి పట్టుకున్నాడు. కట్టుకున్నప్పుడు ఎవరికీ కనపడని కొస అది. అక్కడి నుంచి ఒక్కొక్కటిగా నాలుగు పోగులు దూశాడు.

"వేరే దారం పెడితే రంగు తేడా వస్తుంది. దీనికి దీని పోగే కలుస్తుంది" అన్నాడు. "సూదిలోకి ఎక్కించు తల్లీ. సూది బెజ్జం నా కళ్ళకి ఆనడం లేదు."

మాణిక్యం కళ్ళు తుడుచుకుని పోగు ఎక్కించింది.

"ఇప్పుడు చిరుగుకి ఇటూ అటూ పట్టుకో. బిగించి పట్టుకో, కానీ లాగకు. కదలకూడదు. ఇప్పుడు నీ చేతులే మగ్గం."

మాణిక్యం ఊపిరి బిగబట్టి పట్టుకుంది.

సూది కదిలింది. ముందు నిలువుగా పోగులు పరిచాడు. తర్వాత వాటి మధ్య నుంచి అడ్డంగా. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కింద నుంచి. పైనుంచి, కింద నుంచి. ఆ నల్లటి వేళ్ళు అంత మొరటుగా ఉన్నాయి కదా, కానీ పక్క పోగు ఒక్కటి కూడా కదల్లేదు. మాణిక్యం అంత దగ్గర నుంచి ఎవరి చేతులూ ఎప్పుడూ చూడలేదు. రంగు కింద ఎన్ని గీతలో, ఎన్ని కాయలో! ఆ గంజి వాసన కూడా ఇప్పుడు వేరేగా తోచింది. నూలుకి పెట్టే గంజి అయి ఉంటుంది అనుకుంది.

దూరంగా కూత వినిపించింది. చిట్టియ్య సూది ఆపేశాడు.

"రైలు పోనీ. నేల అదురుతుంది."

మెయిలు ధడధడమంటూ పోయింది. బస్సు కిటికీలన్నీ గలగల్లాడాయి. మాణిక్యం చేతులు నొప్పెడుతున్నాయి. అయినా చీర వదల్లేదు. రైలు చివరి పెట్టె దాటాక సూది మళ్ళీ కదిలింది.

ఇంతలో తెల్లచొక్కా ఆయన టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గ్లాసు మెల్లగా పక్క సీటు మీద పెట్టాడు.

"వేడిగా ఉంది. తాగండి" అన్నాడు. వెంటనే ముందుకి వెళ్ళిపోయాడు.

గూడ్సు కూడా పోయింది. గేటు లేచేసరికి చిట్టియ్య చివరి పోగు కొస లోపలికి దూర్చాడు. చిరుగున్న చోట గోటితో రెండుసార్లు రుద్ది, చీర ఎత్తి వెలుగుకి పెట్టాడు.

"ఎక్కడో చెప్పు చూద్దాం" అన్నాడు మాణిక్యంతో.

మాణిక్యం వెతికింది. ఆ చోటు పట్టుకున్నది తనే. అయినా అంచు దగ్గర నుంచి పిందెలు లెక్కపెట్టుకుంటే గాని దొరకలేదు. మూడో పిందె కింద.

"తాతగారూ..." అంది మాణిక్యం. "నేను మిమ్మల్ని దొంగ అన్నాను."

"కాదని చెప్పింది కూడా నువ్వేగా. అదీ గట్టిగా" అన్నాడు చిట్టియ్య. "అయినా నా వేళ్ళు చూస్తే ఎవరికైనా అనుమానమే. నలభై ఏళ్ళయింది, అన్నం దగ్గర కూర్చుంటే మా ఇంటావిడ ఇప్పటికీ అడుగుతుంది, చెయ్యి కడుక్కున్నావా అని!"

బస్టాండులో దిగి ఆయన నూలు కొట్ల వైపు నడిచాడు. వీధిలో ఒకావిడ ఎదురొచ్చింది. ఆమె పైటకొంగు అంచుని చూసుకుంటూ వెళ్ళాడు. మాణిక్యం నవ్వింది.

నాగరత్నం టీచర్ ఇంట్లో పెళ్ళిహడావిడి. టీచర్ చీర అందుకుని, "పూచీ నిలబెట్టుకున్నావే!" అన్నారు.

"లేదండి టీచర్. చిరిగిందండి. నా వల్లే" అంది మాణిక్యం. జరిగినదంతా చెప్పింది, దొంగ అని అరిచిన సంగతి కూడా.

టీచర్ చీరంతా విప్పి చూశారు. రెండుసార్లు చూశారు. "ఎక్కడే?" అన్నారు చివరికి. మాణిక్యం వేలు పెట్టి చూపించింది.

టీచర్ ఆ చోటుని తడిమారు. తర్వాత పక్కనున్న పిందె తోకని. "ఎడమ చెయ్యా!" అన్నారు మెల్లగా. "ఎనిమిదేళ్ళ నుంచి కడుతున్నాను. ఇది ఎవరు నేశారో ఒక్కసారైనా అనుకోలేదే."

సాయంత్రం బస్సులో మామ్మ పక్కన మాణిక్యానికి సీటు దొరికింది. ఒళ్ళో ఖాళీ సంచి ఉంది. చీర చుట్టిన కాగితం మడత పెట్టి అందులోనే ఉంది.

బస్సు కదలబోతుండగా ఒకతను పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. ఖాకీ చొక్కా నిండా నూనె మరకలు. మోచేతుల దాకా నల్లటి మడ్డి. చేతిలో గోనెగుడ్డ చుట్టిన మూట. బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు. అతను దగ్గరికి రాగానే కూర్చున్నవాళ్ళు చీరలూ పంచెలూ దగ్గరికి లాక్కున్నారు. మూట ఇలా ఇమ్మని ఎవరూ అడగలేదు. అతనూ ఎవరినీ అడగలేదు. మూటని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

మాణిక్యం సంచిలోంచి కాగితం తీసింది. మడతలు విప్పి ఒళ్ళో పరుచుకుంది. రెండు చేతులూ చాపింది.

"ఇలా ఇవ్వండి. ఒళ్ళో పెట్టుకుంటాను."

అతను చుట్టూ చూశాడు, తననేనా అన్నట్టు. "వద్దు పాపా. నూనె అంటుకుంటుంది. నీ పరికిణీ పాడైపోతుంది."

"కాగితం వేసుకున్నానండి. ఇవ్వండి."

"ఒసే, బరువే! కాళ్ళు పడిపోతాయే!" అంది మామ్మ. అంటూనే కాగితం రెండో కొస తన ఒళ్ళో కూడా పరుచుకుంది.

అతను మూటని జాగ్రత్తగా దింపాడు. అబ్బో, బరువే! గోనెగుడ్డ లోపల ఏదో గుండ్రంగా, చల్లగా తగిలింది. మాణిక్యం దాన్ని రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది. బిగించి, లాగకుండా.

బస్సు రైలు గేటు దాటింది. మాణిక్యం అతని మడ్డి చేతుల వంక చూసింది. ఈసారి ఓరగా కాదు, తల ఎత్తి చూసింది.

"ఇదేంటండి? మీరేం పని చేస్తారండి?" అని అడిగింది.

అతని మొహం వెలిగింది. "ఇదా పాపా? చేలకి నీళ్ళు తోడే ఇంజను తెలుసు కదా, దాని గుండెకాయ ఇది!" అంటూ వంగి, గోనెగుడ్డ ఒక కొస మెల్లగా విప్పాడు.